వాసన ఉందో లేదో

మా ఆయన బతికున్నన్నాళ్ళూ నా నోటి సంగతి నాకు ఎప్పటికప్పుడు తెలిసేది. పచ్చి ఉల్లిపాయ తిన్నా, పళ్ళు తోమకుండా టీ తాగినా, "ఒసే, గబ్బు కొడతన్నావే, అటు తిరుగు" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. "నీ సుట్ట కంపు కన్నా ఎక్కువేటి?" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్ళు లేకుండా పోయారు. చిగుళ్ళు ఎప్పుడు పాడయ్యాయో నాకు తెలియనే లేదు.

గజపతినగరంలో నేను ఆడవాళ్ళకి జాకెట్లు కుడతాను. ఇంట్లో ఒక్కదాన్నే. రోజు మొత్తంలో ఒక మనిషికి దగ్గరగా నిలబడేది టేపు పట్టుకుని కొలతలు తీసేటప్పుడే. అప్పుడాడే నాలుగు మాటలే నాకు ఆసరా. ఈమధ్య కొలతలిచ్చేవాళ్ళు మొహం పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టారు. రాను రాను అదీ లేదు. కొలతకని పాత జాకెట్టు గుమ్మంలోనే చేతిలో పెట్టి, "దీని మాదిరే కుట్టీ అప్పా" అని వెళ్ళిపోతున్నారు. ఒక పొద్దున ఉమ్మితే రక్తం పడింది. ఓహో, వాళ్ళు మొహం తిప్పుకునేది ఇందుకన్నమాట అనుకున్నాను.

విజయనగరంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కోతలేమీ పెట్టకుండా, మత్తు సూది ఇచ్చి, పంటికీ చిగురుకీ మధ్య సందులన్నీ లోతుగా గీకి కడిగింది. కొన్ని వారాలాగి మళ్ళీ రమ్మని, గీతలున్న సన్నటి కడ్డీ ఆ సందుల్లోకి దించి చూసింది.

"చాలావరకు మూసుకున్నాయమ్మా. వెనక దవడ పళ్ళ దగ్గర రెండు మాత్రం ఇంకా లోతుగానే ఉన్నాయి. అడుగున బాక్టీరియా మిగిలిపోయింది. అక్కడికి మీ బ్రష్షు అందదు, మా పరికరమూ పూర్తిగా అందలేదు" అంది.

"మరి వాసన పోయిందా?" అన్నాను. నాకు కావలసింది అదొక్కటే.

"మాస్కులో నాకేం తెలుస్తుందమ్మా? ఎవరి వాసన వాళ్ళకీ తెలీదు. ఇంట్లో మీ ఆయన్ని అడిగి, వచ్చేసారి చెప్పండి."

నా నుదుట బొట్టు చూసి ఆయన ఉన్నాడనుకుని ఉంటుంది. లేడని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి నేను చేసినవి చెబితే నవ్వుతారు. దోసిట్లోకి ఊది వాసన చూశాను. ముంజేయి నాకి చూశాను. కాసేపు ఉన్నట్టే ఉండేది, కాసేపు లేనట్టే ఉండేది. పక్కింటావిడని అడుగుదామా అంటే వీధంతా టముకేస్తుంది. అయినా ఏ మొహం పెట్టుకుని అడగను, నా నోరు కాస్త వాసన చూడమని? ఇంత ఊళ్ళో నా మొహం దగ్గరికి మొహం తెచ్చేవాళ్ళు ఒక్కరూ లేరని తెలిసిన రోజు అన్నం సయించలేదు.

చివరికి రెండు బస్సులు మారి పాతపట్నంలో మా ఆడబిడ్డ దగ్గరికి వెళ్ళాను. మా ఆయనకి అక్క. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరికీ నోట్లో మాట దాగదు. పెళ్ళిచూపుల్లో నా ఎదురుగానే "పిల్ల నలుపు" అన్న మనిషి. ఆవిడైతే ఉన్నదున్నట్టు చెబుతుందని నా ధీమా.

అన్నాలయ్యాక పెరట్లో అడిగాను. "వదినా, నా నోరు వాసనొస్తన్నాదేటో సూడు."

"ఏటే ఈ ఏషాలు?"

"సూడు వదినా, నీకు దండం పెడతాను."

దగ్గరికి జరిగింది. నేను నోరు తెరిచి ఊదాను. జానెడు దూరంలో, నా కళ్ళ ముందే, ఆవిడ ఊపిరి బిగబట్టేసింది.

"లేదే. ఏటీ లేదు. బాగున్నాది" అని నా చెంప నిమిరి, గిన్నెలెత్తుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఒంటరిదాన్నని జాలిపడింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గబ్బు కొడుతున్నావే అని ఉంటే కావలించుకునేదాన్ని. తిరుగు బస్సులో దారంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను.

తర్వాతిసారి కుర్చీలో పడుకోబెట్టి డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో అడిగారా?"

"అడిగానమ్మా. ఇంకా ఉన్నాదనే అన్నారు మా ఆయన."

"అదృష్టవంతులు. చాలామంది మొహమాటానికి చెప్పరు" అంటూ కడ్డీ చేతిలోకి తీసుకుంది.

"ఆయనకి మొగమాటం తెల్దమ్మా" అని నోరు తెరిచాను.