రత్నమ్మ పెద్దమ్మ సాక్ష్యం

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కితే, మా ఊరు కనబడకముందే మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన ఎదురొస్తుంది. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు, నేను కిటికీ తెరుస్తాను. రత్నమ్మ పెద్దమ్మ చీరలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆమె మా పక్కింటావిడ. రైస్ మిల్లులో ఉడికిన వడ్లు ఆరబోసే పని. ఎండలో కాళ్లతో వడ్లు తిరగేస్తూ దేవుడితో పైకే పోట్లాడేది. పెద్దకొడుకు జ్వరంతో పోయినప్పటి నుంచీ ఆ పోట్లాట సాగుతోందని వాడకంతా తెలుసు. అయినా ఏ ఆదివారమూ చర్చి మానలేదు.

నాకు పదిహేడేళ్లప్పుడు మా తమ్ముణ్ని లారీ గుద్దింది. పదేళ్ల పిల్లాడు. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ మూడు రోజులూ పెద్దమ్మే అన్నం వండి తెచ్చింది. వచ్చినవాళ్లంతా "దేవునికి ఇష్టమైనోళ్లనే ముందు తీస్కపోతడు" అని అమ్మను ఓదార్చారు. ఆ మాట అననిది పెద్దమ్మ ఒక్కతే. "జర తిను చెల్లె" అంటూ ముద్దలు కలిపి పెట్టింది.

నెల తిరక్కుండానే మా చర్చి సంఘపెద్ద అమ్మను సాక్ష్యం చెప్పమన్నాడు. ఆరాధన మధ్యలో లేచి, దేవుడు చేసిన మేలు పదిమందికీ చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. "అన్నిట్ల కృతజ్ఞతలు చెప్పాలె తల్లీ, మనసు తేలికైతది" అన్నాడు. మంచివాడే, మంచికే అన్నాడు. అమ్మ లేచి "నా కొడుకును..." అని ఆగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. దీనికి కూడా వందనాలు చెప్పించుకునే దేవుడైతే ఈ గడప మళ్లీ తొక్కను అనుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ లేచి అమ్మ పక్కన నిలబడింది.

"నా సాక్ష్యం గిది. నా కొడుకునెందుకు పోనిచ్చినవని ఏండ్ల సంది అడుగుతున్న. ఈ వారం గూడ జవాబు రాలె. మళ్ల అడుగుత. ఇగ ఈమె కొడుకు సంగతి గూడ అడుగుత. అందరికి వందనాలు."

తమ్ముడు పోయాక అమ్మ మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంటికొస్తూ పెద్దమ్మను అడిగాను. "జవాబియ్యనోన్ని ఎందుకు నమ్ముతవ్?"

"వినేటోడే లేకుంటే నాకింత కోపమెవరి మీదొస్తది బిడ్డా? చెడ్డ జరిగితే చెడ్డనే అనాలె. మంచికే అయిందని అబద్ధం చెప్తే ఆయన నమ్ముతడా?"

పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. బాధంతా మన మేలుకేనని నిరూపించే వాదాలు తర్వాత ఎన్నో విన్నాను. ఆమె రెండు ముక్కల ముందు ఒక్కటీ నిలవదు. నేను నమ్ముతాను, నమ్ముతూనే నిలదీస్తాను.

పోయిన ఆదివారం సూర్యాపేటలో, నేనిప్పుడు వెళ్లే చర్చిలో, భర్తను పోగొట్టుకున్న ఒక పిల్ల సాక్ష్యానికి లేచి మాట పెగలక నిలబడిపోయింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మా పెద్దమ్మ కొడుకు సంగతి, మా తమ్ముని సంగతి ఈ వారం గూడ జవాబు రాలె" అన్నాను. "ఇగ ఈమె పెనిమిటి సంగతి గూడ అడుగుత. అందరికి వందనాలు."