టెంకాయ లేచిన చోటు

పుల్లలచెరువు దగ్గర మా పొలంలో ఇప్పటికే రెండు బోర్లు వేస్తే చుక్క నీళ్లు పడలేదు. మూడోదానికి చోటు చూడమని ఈ రోజు ఓబయ్య మామను పిలిచాను. నీళ్లున్న చోట ఆయన అరచేతిలో టెంకాయ నిటారుగా లేస్తుంది. మనుషులందరం పోగొట్టుకున్న ఏదో ఎరుక ఆయన చేతిలో మిగిలి ఉందని, నేను జీవశాస్త్రం చెప్పే కాలేజీలో పరిణామ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు చెప్పేవాణ్ణి.

మామ చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని, కళ్లు మూసుకుని నడిచాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ లేచింది. నేను చేతులెత్తి దండం పెట్టాను.

ఆ చోటు ఫోటో తీయమని తన ఫోన్ నాకిచ్చాడు. తీస్తుండగానే బోరు బండ్ల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఓ డ్రైవర్ మెసేజ్ వచ్చింది: "మామా, తూర్పు గట్టే చూపించినావా? పక్క చేన్లో ఆ గట్టు కాడ్నే నీళ్లు పడినాయి."

"ఏంది మామా ఇది? నీ చేతికి తెలుస్తాదని పిల్లోళ్లకు పాఠమే చెప్పినానే!"

"నువ్వు చెప్పినావు నాయనా, నేను చెప్పలా. ఒక్క చేతికి ఎంత తెలుస్తాది? ఆ గ్రూపులో నూరుమంది ఉండారు."

ఇన్నేళ్లూ నేను దండం పెట్టింది డ్రైవర్ల మెసేజ్‌లకన్నమాట! అయినా రేపు పొద్దున బోరు బండిని ఆ తూర్పు గట్టుకే రమ్మన్నాను. మీరైతే ఏం చేసేవారు?