మేడమీది లైబ్రరీ

మా మేడ మీద కిరాయికి ఉండే సారు పోయారని ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను చారుకు చింతపండు పిసుకుతున్నాను. పొద్దున ఎల్బీనగర్‌లో బస్సెక్కిన మనిషి, సూర్యాపేట రాకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయారట. టీ కోసం బస్సు ఆగితే పక్క సీటాయన లేపి చూశాడట. లేవలేదట. "బాధేమీ పడలేదండీ, నిద్రలోనే" అని ఆ తమ్ముడే నన్ను ఓదార్చాడు. చేతులు కడుక్కోకుండా అలాగే గడపలో కూర్చుండిపోయాను. మనసులో ఒకటే తిరుగుతోంది. పొద్దున మెట్లు దిగుతూ ఆయన "వెళ్ళొస్తా చెల్లెమ్మా" అన్నారు. నేను బదులు చెప్పలేదు.

పూజకు కూర్చుంటే పారాయణ పూర్తయ్యేదాకా నేను నోరు విప్పను. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న నియమం అది. ఆ సంగతి సారుకు తెలుసు. అయినా ఆ రోజు ఆయన మెట్ల మీద ఒక క్షణం ఆగారు. చెప్పుల చప్పుడు ఆగడం నాకు వినిపించింది. తర్వాత గేటు గొళ్ళెం పడింది. పోయేవాళ్ళు "పోయొస్త" అనాలి, ఉండేవాళ్ళు "పోయి రా" అనాలి. మా నల్లగొండ దిక్కు మాటలు వచ్చీరాని పిల్లలకు కూడా ఇది నేర్పుతారు. ఆ రోజు సగం మాట ఆయనతో గేటు దాటింది, సగం నా నోట్లోనే ఉండిపోయింది.

మా ఇల్లు కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్‌కు దగ్గరి సందులో. సారు వచ్చిన కొత్తలో ఇంకా మార్కెట్ ఇక్కడే ఉండేది. ఎండాకాలం తెల్లవారితే మామిడిపండ్ల వాసన మెట్లెక్కి ఆయన గదిదాకా పోయేది. మార్కెట్ తరలిపోయాక కూడా ఆయన ఒక్కోరోజు పిట్టగోడ దగ్గర నిలబడి గట్టిగా గాలి పీల్చి, "ఇవాళ బత్తాయి లోడు వచ్చినట్టుంది చెల్లెమ్మా" అనేవారు. నాకూ నిజంగానే ఆ వాసన తగిలినట్టుండేది.

కోస్తావైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సులు నేర్పే చోట చాలాకాలం పాఠాలు చెప్పారు. అది మూతపడ్డాక ఇంట్లోనే కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేవారు. మాతో పని ఉంటే కిందికొచ్చి, తలుపు తీసి ఉన్నా సరే రెండుసార్లు తట్టి, "ఉన్నారా?" అని అడిగేవారు. ఎదురుగా కూర్చుని ఉన్నా అడిగేవారు. "కండ్ల ముందలనే ఉన్న కద సార్" అంటే, "ఉన్నానని మీరు చెప్పాలి కదా, నేను అనుకుంటే ఎలా" అనేవారు.

ఏం రాస్తున్నారని ఒకరోజు అడిగాను.

"లైబ్రరీ చెల్లెమ్మా. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. ఉచితమే."

నేను చదివింది పదో తరగతి. లైబ్రరీ అంటే నాకు తెలిసింది ఒక్కటే. గుళ్ళో కలిసిన ఆడవాళ్ళందరికీ సంతోషంగా చెప్పాను, మా మేడమీది సారు లైబ్రరీ పెట్టారు, ఊరికే ఇస్తారట అని. శుక్రవారం నలుగురు తయారై వచ్చారు, వ్రతకథల పుస్తకాల కోసం. నేనే ముందు నడిచి మేడమీదికి తీసుకుపోయాను. గదిలో ఒక మంచం, ఒక బల్ల, దాని మీద కంప్యూటరు. అంతే.

"గిదేం లైబ్రరీ సార్, ఒక్క బుక్కు లేదు! మేమొస్తున్నమని దాసిపెట్టిన్రా ఏంది?" అంది మా వెనకింటి ఆమె.

సారు నా ముఖం చూశారు. నా తప్పు ఆయనకు అర్థమైపోయింది. నవ్వలేదు. "పుస్తకాలు వచ్చే శుక్రవారానికి వస్తాయండీ" అన్నారు.

వచ్చే శుక్రవారానికి నిజంగానే ఒక అలమార, అందులో పన్నెండో పదమూడో వ్రతకథల పుస్తకాలు ఉన్నాయి. అసలు సంగతి తెలిసి నేను సిగ్గుతో చచ్చిపోతే, "అడిగినవాళ్ళకు బదులు ఇవ్వాలి చెల్లెమ్మా, నా రెండు లైబ్రరీలూ చేసేది అదే" అన్నారు.

ఆయన అసలు లైబ్రరీ ఏమిటో ఒక ముసురు సాయంత్రం మేడమీద చెప్పారు. నేను ఆరేసిన మిరపకాయలు తుంపరకు తడవకుండా ఎత్తుతుంటే, ఆయన చాటకు అవతలి కొస పట్టుకున్నారు.

"పెద్దమనిషి లేని ఊరు అనుకోండి. దేశదేశాల్లో కంప్యూటర్లుంటాయి. మధ్యలో హెడ్డాఫీసు ఉండదు. ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలి. ఆ మాటల పద్ధతి అంతా నేను రాసి పెడుతున్నా. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్ళు మొదట్నుంచీ తంటాలు పడక్కర్లేకుండా నాది తీసుకుని వాడుకుంటారు. దాన్నే మేము లైబ్రరీ అంటాం."

"ఏం మాట్లాడుకుంటయి సార్?"

"ముందు పలకరింపు. నేను ఫలానా, నాకు ఈ భాష వచ్చు అని ఇటునుంచి. అటునుంచీ అదే. ఇద్దరూ సరే అనుకుంటేనే మాట సాగేది. తర్వాత మధ్యమధ్యలో 'ఉన్నావా', 'ఉన్నా'. తనకు తెలిసిన ఇళ్ళ అడ్రసులు పక్కదానికి చెప్తుంది, అది ఇంకోదానికి."

"మా బొట్టు పిలుపుల లెక్కనే ఉంది కద! ఒకరి దగ్గర లిస్టు ఉండదు. నాకు నాలుగిండ్లు ఎర్కుంటే, ఆ నాలుగిండ్లోళ్ళకు ఇంక నాలుగు ఎర్కుంటయి."

ఆయన చాట వదిలేశారు. మిరపకాయలు నేలపాలయ్యాయి. "ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ మాట నాకు తట్టలేదు చెల్లెమ్మా" అంటూ కూర్చుని ఒక్కొక్క మిరపకాయా ఏరారు.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన బాగా పరేషాన్‌లో కనిపించారు. టీ గ్లాసు చల్లారిపోతున్నా ముట్టలేదు. ఏమైందంటే చెప్పారు. ఏదైనా కంప్యూటరు పలకకపోతే ఆయన లైబ్రరీ దాని అడ్రసు జాబితాలోంచి కొట్టేస్తుందట. కాసేపు ఆపి మళ్ళీ వచ్చినవాళ్ళు, మమ్మల్ని ఎందుకు మరచిపోయారని గొడవ చేస్తున్నారట. ఎవరినీ కొట్టెయ్యకుండా ఉంచితే, శాశ్వతంగా పోయినవాళ్ళ పేర్లతో జాబితా నిండిపోతుందట.

"చెప్పి పోయినోళ్ళు, చెప్పకుంట పోయినోళ్ళు ఒక్కటెట్లయితరు సార్? పోయొస్త అన్నోళ్ళకు మేం కంచం మూసి పెడ్తం" అన్నాను. పెద్ద ఆలోచన చేసి అన్నది కాదు. మా ఇంట్లో జరిగేదే అన్నాను.

ఆయన టీ తాగకుండానే పైకి వెళ్ళిపోయారు. వారం తర్వాత కిందికి దిగి, తలుపు రెండుసార్లు తట్టి చెప్పారు. ఇక మీద ఆయన లైబ్రరీ వాడేవాళ్ళు సెలవు తీసుకునేటప్పుడు తమవాళ్ళందరికీ ఒక చిన్న మాట చెప్పి పోతారు. ఆ మాట చెప్పినవాళ్ళ అడ్రసు కొట్టెయ్యరు.

"ఏం మాట పెట్టిన్రు సార్?"

"మీ మాటే. పోయొస్త. ఇంగ్లీషు అక్షరాల్లో రాశా."

"మీరు ఎల్లొస్త అంటరు కద?"

"మా వైపు పోతానంటే పెద్దవాళ్ళు నెత్తిన మొట్టేవాళ్ళు. కానీ ఆలోచన మీది కదమ్మా."

ఏదో దూరదేశం నుంచి ఒకాయన ఆ మాట ఎలా పలకాలి అని ఉత్తరం రాస్తే, సారు నాకు చదివి వినిపించారు. తన జవాబులో అర్థం కూడా రాశారట: పోతున్నాను, వస్తాను.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. "జవాబు రాలేదంటే లేరని కాదు. పనిలో ఉన్నారేమో. కోపం తెచ్చుకోకుండా ఆగి, మళ్ళీ అడగాలి." కంప్యూటర్ల గురించే అన్నారు. నేను దేవుడి గురించి అనుకుని విన్నాను.

దినాలయ్యాక ఆయన శిష్యురాలు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, ఈ లైబ్రరీలో ఆయనకు సాయంగా ఉన్న అమ్మాయి. ఇక ముందు తానే చూసుకుంటానంది. సారు తమ్ముడు కంప్యూటరు ఆమెకే ఇమ్మన్నాడు. ఇద్దరం పైకి వెళ్ళాం. కిటికీ దగ్గరి కంప్యూటరు మీద చిన్న పచ్చలైటు మినుకుమినుకుమంటోంది. ఆయన పోయినా ఇన్ని రోజులూ అది పనిచేస్తూనే ఉంది.

"అక్కా, ఇంక అందరితోటి మాట్లాడుతనే ఉంది చూడు" అంది. "ఆపెయ్యాలె. వైరు గుంజుతే అయిపోతది."

"గుంజకు బిడ్డా" అన్నాను. "చెప్పి పోయేటట్టు చెయ్యి."

ఆమె నా వైపు చూసి, బల్ల ముందు కూర్చుంది. "నువ్వు చెప్పినంకనే నొక్కుత" అంది.

నేను కొంగు సర్దుకుని నిలబడ్డాను. "పోయి రాండ్రి సార్" అన్నాను.

ఆమె నొక్కింది. తెర మీద పోయొస్త అన్న ఒక్క మాటే వరసగా కిందికి జారుతూ పోయింది, ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కటి. పచ్చలైటు ఆరిపోయింది.

తర్వాత తన సంచిలోని లాప్‌టాప్ తీసి చూపించింది. అందులో సారు అడ్రసు అలాగే ఉంది, మళ్ళీ వస్తామని చెప్పినవాళ్ళ వరసలో. "ఇప్పుడు నిమిషానికి ఒకసారి 'ఉన్నావా' అని అడుగుతది అక్కా. తర్వాత రెండు నిమిషాలకు, నాలుగుకు, ఎనిమిదికి. అట్ల దూరమైతది. కని రోజుకు ఒక్కసారన్న అడుగుడు మాత్రం బంద్ చెయ్యదు. సార్ గట్లనే రాసిన్రు."

ఇప్పుడు నేను ఇంట్లోవాళ్ళంతా బయటికి వెళ్ళాకే పూజకు కూర్చుంటున్నాను. మేడమీది గది ఖాళీగా ఉంది. అలమార మాత్రం తీయలేదు, శుక్రవారాలు ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ముసురు పట్టిన పొద్దున్నే, చుట్టూ ఏ చప్పుడూ లేనప్పుడు, పారాయణ మధ్యలో నాకు అనిపిస్తుంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఎవరో వచ్చి మా మెట్లెక్కి, ఆ తలుపు రెండుసార్లు తట్టి, "ఉన్నారా?" అని అడిగి, కాసేపు ఆగి, మళ్ళీ రేపు వద్దామని చప్పుడు కాకుండా దిగిపోతున్నారని.