పానకాలు పెట్టిన సెట్టింగులు

మంగళగిరిలో పానకాలు అనే పేరున్నవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. అందుకని గుర్తు కోసం ఒకరిని మగ్గాల పానకాలనీ, ఇంకొకరిని ఆటో పానకాలనీ పిలుచుకుంటారు. మన పానకాలుకు మాత్రం అనుమానాల పానకాలు అని పేరు పడింది. ఆ బిరుదు అతనికి ఎవరూ ఊరికే ఇవ్వలేదు. చిన్నప్పట్నుంచీ కష్టపడి సంపాదించుకున్నాడు.

బస్సు నుదుటిన గుంటూరు అని రాసి ఉంటుంది. కండక్టరు గుంటూరు, గుంటూరు అని గొంతు చించుకుంటూ ఉంటాడు. అయినా ఎక్కి కూర్చున్నాక పక్కవాణ్ణి "ఇది గుంటూరే పోతుంది కదండీ?" అని అడుగుతాడు. పక్కవాడు అవునన్నాక వెనక సీటువాణ్ణి కూడా అడుగుతాడు, మొదటివాడికి తెలుసో తెలియదో అని. పెళ్ళిలో మూడో ముడి వేశాక అది గట్టిగా పడిందో లేదోనని ఒకసారి లాగి చూశాడని భార్య మల్లేశ్వరి ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. ఆమె అతని మేనమామ కూతురే కాబట్టి, ఆ లాగుడుకు పెద్దగా ఆశ్చర్యపోలేదు.

అలాంటివాడికి దేవుడు తగిన కొలువే చూపించాడు. గుంటూరు బ్రాడీపేటలో ఒక టిఫిన్ హోటలు పైన చిన్న ఆఫీసు ఉంది. మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలకు కావలసిన సాఫ్ట్‌వేరు అక్కడ తయారవుతుంది. ఏ రైతు ఎన్ని టిక్కీల కాయ తెచ్చాడు, ఆ బస్తాలు ఏ గదిలో ఉన్నాయి, ఎన్ని బయటికి వెళ్ళాయి అన్నీ అందులో చూసుకోవచ్చు. ప్రోగ్రాము రూబీ అనే భాషలో రాస్తారు. రాసేది ముఖ్యంగా రాఘవ గారు. సత్తెనపల్లిలో పురోహితుల కుటుంబం ఆయనది. మంత్రం చదివినంత వేగంగా కోడు రాస్తాడు, మధ్యలో ఆగడం ఇష్టముండదు. ఆయన రాసినదాంట్లో తప్పులు వెతకడం పానకాలు పని. ఒకే మనిషిని అనుమానించడానికి నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఒకరోజు పక్క కుర్చీలో కూర్చునే సఫూరా అతనికి ఒక కొత్త లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు కట్ట, సంగతి చెప్పింది.

"అన్నా, నువ్వు ఒక్కో ఉదాహరణా కూర్చుని రాసుకోవక్కర్లేదు. ఎప్పుడూ నిజం కావాల్సిన రూలు ఒకటి చెప్తే చాలు. అదే తోచిన అంకెలన్నీ దానిమీద విసిరి చూస్తుంది. రూలు ఎక్కడ తప్పిందో పట్టుకుని, ఆ తప్పుని చిన్నది చేసి చూపిస్తుంది."

పానకాలుకు కళ్ళు చెమర్చినంత పనైంది. తన తరఫున అనుమానపడే యంత్రం! ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, ముందు గదిలో అమ్మకం చీరలు మడతపెడుతున్న మల్లేశ్వరికి ఇదంతా వివరించాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

"అంటే మన కొండమీద స్వామి సంగతే కదా బావా. ఎవరెంత పానకం తెచ్చినా సగం తాగి సగం ఇస్తాడు. బిందె తెచ్చినా సగమే, గ్లాసు తెచ్చినా సగమే."

"అదే! సరిగ్గా అదే! రూలంటే అదే. కాకపోతే బిందెతో చూడాలి, గ్లాసుతో చూడాలి, గంగాళంతో చూడాలి. ఖాళీ గ్లాసుతో కూడా చూడాలి."

"ఖాళీ గ్లాసు పట్టుకుని కొండెక్కేవాడివి నువ్వొక్కడివేలే బావా."

మర్నాడు లైబ్రరీ పెట్టుకుని సెట్టింగుల ఫైలు తెరిచాడు. ఒక్కో రూలునీ ఎన్నిసార్లు పరీక్షించాలి అన్నది మొదటి సెట్టింగు. మామూలుగా అది నూరు. పానకాలు దాన్ని చూసి పెదవి విరిచాడు. నూరుసార్లతో తృప్తిపడేవాళ్ళు పక్కవాణ్ణి అడగకుండా బస్సెక్కేవాళ్ళు. అక్కడ పది లక్షలని కొట్టాడు. ప్రతి ప్రయత్నాన్నీ తెరమీద అచ్చు వెయ్యాలా అన్నది ఇంకోటి. వెయ్యాలి మరి, చెయ్యకుండానే చేశానంటే? పని ఎన్ని పాయలుగా విడదీసి ఒకేసారి నడపాలి అని మరొకటి. ఆ పాయల్ని థ్రెడ్లంటారు. ఎన్ని వీలైతే అన్ని పెట్టాడు. అప్పుడే మల్లేశ్వరి ఫోను చేసింది. ఇతను ఫోను చెవిన పెట్టుకునే సఫూరాతో "థ్రెడ్లు ఇంకా పెంచాలమ్మా" అన్నాడు.

"నూలు ధర మండిపోతుంటే థ్రెడ్లు పెంచుతావా?" అంది అవతల నేతింటి ఆడపడుచు మల్లేశ్వరి. "ఎనభై కౌంటా, నూరు కౌంటా?"

విషయం విడమర్చి చెప్పేసరికి ఆమె ఫోను ఎందుకు చేసిందో ఇద్దరూ మరిచిపోయారు.

ఆ మర్నాడు ఆఫీసు తెరిచేసరికి పరీక్షలు నడిపే కంప్యూటరు గుడ్లు తేలేసి ఉంది. తెరమీద అంకెలు ఆగకుండా పారుతున్నాయి. అందరి పనీ దాని వెనక బారులు తీరింది, సీజన్లో మిర్చి యార్డు ముందు లారీల్లాగా. అసలే మార్చి నెల. కాయ కళ్ళాల్నుంచి దిగుతున్న రోజులు. సత్తెనపల్లి కోల్డ్ స్టోరేజీకి పొద్దున్నే పంపాల్సిన మార్పు కదలకుండా కూర్చుంది. అక్కడి సూపర్వైజరు జక్రయ్య అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు.

రాఘవ గారు పానకాలు కుర్చీ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"స్వామీ పానకాలూ! పది లక్షలేంటయ్యా? లక్ష బిల్వార్చన విన్నాను గానీ, పది లక్షలు నేను మా ఇంట్లోనే ఎప్పుడూ వినలేదు."

"అంటే సార్, ఏదో ఒకదాంట్లో..."

"ఏ ఒకదాంట్లోనూ లేదు. ఇందాకట్నుంచీ అన్నీ పాసే. ఐదు పెట్టు చాలు. ఆ అచ్చు కూడా ఆపెయ్, కళ్ళు తిరుగుతున్నాయి."

పానకాలు ఐదు పెట్టాడు. తనకు అన్నంలో ఐదే మెతుకులు వడ్డించినట్టు మొహం పెట్టాడు. అచ్చు కూడా పూర్తిగా ఆపేశాడు, చివర్లో వచ్చే వివరంతో సహా. రాఘవ గారు అంత ఆపమనలేదు. కానీ అలిగినవాడు చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తాడు.

ఆ తర్వాత ఆఫీసు ప్రశాంతంగా ఉంది. పరీక్షలు కన్నుమూసి తెరిచేలోపు అయిపోయేవి. ఏది నడిపినా పాసైనట్టు పచ్చరంగే. రాఘవ గారు ఈలవేసుకుంటూ తిరిగేవాడు. పానకాలు మాత్రం పచ్చని పొలంలో పాము ఉందని తెలిసినవాడిలా ఉండేవాడు. ఊరుకోలేక ఇంకొక రూలు రాశాడు. టిక్కీల్ని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చితే, మార్చకముందూ మార్చాకా మొత్తం ఒకటే ఉండాలి. ఇందులో తప్పేముంటుంది? ఐదుసార్లూ పాసైంది.

ఒకరోజు భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పుతుంటే, తెరమీద ఎర్రగా ఒక గీత మెరిసింది. పానకాలు గోంగూర కలిపిన చేత్తోనే లేచి కేకేశాడు.

"సార్! పడింది సార్! దొరికింది!"

అందరూ మూగారు. రాఘవ గారు "ఏదీ, మళ్ళీ నడుపు" అన్నాడు. నడిపాడు. పచ్చ. మళ్ళీ నడిపాడు. పచ్చ. ఎన్నిసార్లు నడిపినా ఏకపత్నీవ్రతుడిలా పచ్చనే చూపించింది.

"ఎర్రగా కనిపించింది గోంగూర పచ్చట్లో మిరపకాయేమో చూసుకో పానకాలూ" అని రాఘవ గారు తన డబ్బా దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకుంటూ వెళ్ళారు.

ఆ రోజు పానకాలుకు అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ లోకాన్ని అనుమానించాడు, అందులో ఒక సుఖం ఉంది. ఇప్పుడు తన కళ్ళనే అనుమానించాల్సి వచ్చింది. అందులో ఏ సుఖమూ లేదు. ఇంటికి వెళ్ళి మల్లేశ్వరితో చెప్పుకున్నాడు. ఆమె వెక్కిరిస్తుందేమో అనుకున్నాడు గానీ, చీర మడత పక్కనపెట్టి అతనివంక చూసింది.

"నువ్వు లేనిపోని అనుమానాలు పడతావు గానీ బావా, చూడంది చూశానని ఎప్పుడూ చెప్పలేదు. ఉండే ఉంటుంది. వెతుకు."

మర్నాడు సఫూరాను కూర్చోబెట్టుకున్నాడు. ఆమె సెట్టింగుల ఫైలు చూసి నుదురు కొట్టుకుంది.

"అన్నా, ఇది ప్రతిసారీ కొత్త అంకెలు విసురుతుంది కదా. ఏ విత్తనం నుంచి ఆ అంకెలు మొలిచాయో చివర్లో చెప్తుంది. సీడ్ అంటారే, అది. అదే విత్తనం మళ్ళీ వేస్తే అవే అంకెలు మొలుస్తాయి, అదే తప్పు మళ్ళీ పడుతుంది. నువ్వు అచ్చు మొత్తం ఆపేసి దాని నోరు నొక్కేశావు. అది నీకు చెప్పకుండా ఎవరికి చెప్తుంది?"

పానకాలు తల దించుకున్నాడు. గుంటూరు జిల్లాలో పుట్టి, నకిలీ విత్తనం మీద ఊళ్ళకు ఊళ్ళు గొడవపడటం చూసి, తనే విత్తనం పోగొట్టుకున్నాడు.

"మళ్ళీ పది లక్షలు పెట్టనా?"

"అబ్బా! నీకు ఐదన్నా కావాలి, పది లక్షలన్నా కావాలి. పగలు మనం పని చేసుకునేటప్పుడు నూరు పెట్టు. మనం ఇళ్ళకు పోయాక కంప్యూటరు ఖాళీయేగా, అప్పుడు వేలల్లో పెట్టు. ఎప్పుడు నడుస్తుందో చూసి అంకె దానంతటదే మారేలా రాయి. థ్రెడ్లు తగ్గించు. పాసైతే నోరుమూసుకోమను, తప్పితే మాత్రం విత్తనంతో సహా కక్కమను."

ఇద్దరూ కూర్చుని అలాగే రాశారు. పానకాలు నూరు అని కొట్టి, సున్నాలు రెండే పడ్డాయో లేదోనని మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. మొదట్రోజు చూసి పెదవి విరిచిన అంకే అది. సఫూరా చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఫలితం మరుసటి ఉదయమే కనిపించింది. ఎర్రగీత, దాని కింద విత్తనం అంకె, దాని కింద తప్పును వడగట్టి వడగట్టి మిగిల్చిన అతి చిన్న ఉదాహరణ: ఒక్క టిక్కీ. మొదటి గదిలో నుంచి మొదటి గదిలోకే మార్పు. తర్వాత లెక్క చూస్తే రెండు టిక్కీలు.

ఉన్న గదిలోంచి తీసి ఉన్న గదిలోనే పెడితే బస్తా పిల్లను పెట్టిందన్నమాట.

ఈసారి పానకాలు కేకెయ్యలేదు. అదే విత్తనంతో మళ్ళీ నడిపాడు. అదే తప్పు. టీ తాగొచ్చి నడిపాడు. అదే తప్పు. సఫూరా చేత నడిపించాడు. అప్పుడు నెమ్మదిగా రాఘవ గారిని పిలిచాడు.

"ఉన్న గదికే ఎవడు మారుస్తాడయ్యా?" అన్నాడు రాఘవ గారు. గొంతులో పాత జోరు లేదు, ఎందుకంటే ఆ కోడు ఆయన స్వహస్తాలతో రాసింది.

"నాకూ తెలీదు సార్. గది నంబరు పొరపాటున ఒకటే కొడితే?"

రాఘవ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తను రాసిన వరుసల్ని వేలితో చూపించుకుంటూ చదివాడు. ముందు రెండు గదుల లెక్కా తీసుకుంటుంది, ఒకదాంట్లో తగ్గించి రాస్తుంది, రెండోదాంట్లో పాత లెక్కకే కలిపి దాని మీద రాసేస్తుంది. రెండు గదులూ ఒకటే అయితే తగ్గించింది మాయం, కలిపింది మిగులు. చదవడం పూర్తయ్యాక కీబోర్డు పక్కకి నెట్టాడు.

"సత్తెనపల్లిలో అందరూ మనవాళ్ళేనయ్యా" అన్నాడు చివరికి. "ఇది బయటపడి ఉంటే, రాఘవ మంత్రం వేసి మిరపకాయలు పెంచాడనేవాళ్ళు."

అందరూ నవ్వారు. పానకాలు కొంచెం ఆలస్యంగా నవ్వాడు, జోకు అయిపోయిందని రూఢి చేసుకున్నాక. రాఘవ గారు ఆ పూటే కోడు సరిదిద్దాడు. సెట్టింగుల ఫైలు ఇకమీద పానకాలు, సఫూరా తప్ప ఎవరూ ముట్టుకోకూడదని ఆఫీసులో చెప్పాడు. తనతో సహా అన్నాడు.

వేసవి సెలవులకు పానకాలూ మల్లేశ్వరీ చీరాల వెళ్ళారు. ఆమె చీరల పని చూసుకున్నాక, ఎండ తగ్గే వేళకు సముద్రం ఒడ్డున ఓడరేవు ఇసుకలో కూర్చున్నారు. ఫోను మోగింది. రాఘవ గారు. ఆయన సెలవు రోజుల్లో ఎవరికీ ఫోను చెయ్యడు.

"పానకాలూ, ఏమీ అనుకోకు. రైతు ఒకే పూట రెండుసార్లు సరుకు తీసుకుపోతే లెక్క సరిగ్గా వస్తుందంటావా? రాశాను గానీ... ఏదో చిన్న అనుమానం."

పానకాలు ఫోను చేత్తో మూసి, ఆ మాట మరోసారి వినాలని స్పీకరు పెట్టి, మల్లేశ్వరిని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏంటి సార్, అలల ఘోషకి సరిగ్గా వినపడలేదు" అన్నాడు. "మళ్ళీ చెప్పండి."