పన్నెండు మంది చెప్పిన ఒక్క మాట

పోయిన నెల నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి తన సిద్ధాంత వ్యాసంలోని మొదటి అధ్యాయం తెచ్చి బల్ల మీద పెట్టింది. తనకు ముందు ఆ విషయం మీద ఎవరెవరు ఏమేమి రాశారో సమీక్షించే అధ్యాయం అది. నేను తిరగేస్తుంటే, "మీ వ్యాసంలో పాత నివేదికల తప్పు ఎలా పట్టుకున్నారు సార్?" అని అడిగింది. ఇరవై ఏళ్ళకు పైగా చెబుతున్న జవాబే నోటిదాకా వచ్చింది, మా ఆచార్యులవారి శిక్షణ అని. ఆ రోజెందుకో అది చెప్పబుద్ధి కాలేదు. నిజం వేరే ఉంది.

అవి మద్రాసు ప్రెసిడెన్సీ చివరి రోజులు. నేను మద్రాసులో భూగర్భశాస్త్రంలో డాక్టరేటుకు చదువుతున్నాను. ఎన్నుకున్న విషయం మా మార్కాపురం పలకరాయి. ఆ రాయి గురించి రాసిన పన్నెండు మంది దొరలను, దొరలకంటే దొరతనం చూపించిన మనవాళ్ళను వరసగా పేర్చి అధ్యాయం రాశాను. ఫలానా వారు ఇట్లన్నారు, ఫలానా వారు దాన్ని బలపరిచారు, ఆ తర్వాతి వారు దాన్నే ధ్రువపరిచారు. నాకది ఎంతో గంభీరంగా కనిపించింది. ఆచార్యులవారు చదివి, "ఇది సమీక్ష కాదయ్యా, ఊరేగింపు. వేసవి తర్వాత కూడా ఇదే తెస్తే ఉద్యోగం చూసుకో" అన్నారు. కాగితాలు ట్రంకుపెట్టెలో వేసుకుని, రైలు బొగ్గు కళ్ళల్లో పడుతుండగా పెద్దమ్మ ఇంటికి వచ్చిపడ్డాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పలకల గనిలో కూలికి పోయేది. వానాకాలంలో గుంత అడుగున చేరిన నీళ్ళు తోడడం, ఎండాకాలంలో రాయి మోయడం ఆమె పని. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటే తొట్టిలో నీళ్ళు పలకరంగుకు తిరిగేవి. ఆమె చదువుకోలేదు గాని, చర్చిలో మాత్రం అందరికీ ఆమె అంటే జంకు. మా చర్చిలో ఆదివారం ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. కొమరోలు నుంచి వచ్చిన ఒకాయన తన పొలం బావిలో నీళ్ళు పడిన సంగతి కళ్ళనీళ్ళతో చెబుతుంటే, పెద్దమ్మ కూర్చున్నచోటి నుంచే, "అన్నా, ఆ బావి నీదా, మీ బామ్మర్దిదా?" అంది. బామ్మర్దిదేనని తేలింది. "అయితే ఆయనొచ్చి చెప్తాడులే, నువ్వు కూర్చో" అంది. పాస్టరుగారు నవ్వు దాచుకోవడానికి పాటల పుస్తకం తెరిచారు.

ఒక మధ్యాహ్నం రొట్టెలు కాలుస్తూ, "ఏందిరా నాయనా, ఆ కాగితాలు ముందేసుకుని ఏడుపుమొగం పెట్టినావు?" అని అడిగింది. లోతుకు పోయేకొద్దీ రాయి పొడిపొడిగా ఉంటుంది, పలకకు పనికిరాదు అని పన్నెండు మంది రాశారని చెప్పాను.

"పన్నెండో ఆయన దిగి చూసినాడా?"

"లేదు. పదకొండో ఆయన రాసింది చూసి రాసినాడు."

"ఆయనో?"

అట్ల ఒక్కొక్కరినే వెనక్కి నడిపించి మొదటాయన దగ్గర నిలబెట్టింది. "ఈయన చూసినాడా?"

ఉన్నమాట ఒప్పుకున్నాను. ఆయన నివేదిక నేను చదవనే లేదు. రెండో ఆయన రాసినదాంట్లో నుంచి ఎత్తి రాసుకున్నాను.

"నువ్వూ బామ్మర్ది బావి గాడివేనంట్రా!" అని పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "నేను అడుగున నిలబడి నీళ్ళు తోడినదాన్ని. ఆడ రాయి అద్దంలెక్క ఉంటది. పోయి ఆయన ఏం రాసినాడో చూడు."

మద్రాసు తిరిగి వెళ్ళి గ్రంథాలయంలో ఆ పాత సంపుటం తీయించాను. గుంత నిండా వాన నీళ్ళుండడంతో దిగలేకపోయాను, కింద రాయి మంచిది కాదని కావలివాడు చెప్పాడు, అని ఆ దొర నిజాయితీగానే రాశాడు. తర్వాతివాళ్ళు నీళ్ళనూ కావలివాణ్ణీ వదిలేశారు. మళ్ళీ వచ్చి, గుంతలో దిగి, రాయి తీసి చూసి, పెద్దమ్మ చెప్పినట్టే ఉందని తేల్చుకుని, అధ్యాయమంతా తిరగరాశాను. డాక్టరేటు వచ్చింది.

ఇలా చదవడం ఎవరు నేర్పారని పరీక్షకులు అడిగారు. గనిలో నీళ్ళు తోడే పెద్దమ్మ అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆచార్యులవారి పేరు చెప్పాను. ఊరికి వచ్చినప్పుడు పెద్దమ్మ, "నా మాట రాసినావా నాయనా?" అంటే, "పేరుతో సహా రాసినా" అన్నాను. ఆ ఆదివారం ఆమె చర్చిలో లేచి, మద్రాసు పుస్తకంలో తన పేరు పడిందని అందరికీ చెప్పింది. ఎవరూ ఆమెకు ఎదురు ప్రశ్న వేయలేదు.

మొన్న వెళ్ళి ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. డెబ్బై దాటినా చూపు తగ్గలేదు. ఆ చూపు నా మీద పెట్టి, "నా నోటితో అబద్ధం చెప్పించినావు గదరా" అంది. నా చేతిసంచి తీసి లోపల పెట్టి, "ఆదివారం దాకా ఉండు. నువ్వే లేచి చెప్పు" అంది.

ఉన్నాను, చెప్పాను. నా పాత వ్యాసం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. ఆమె పేరు కొత్తగా చేర్చిన పేజీ ప్రూఫు నేనే దిద్దాను. ఆ ఆదివారం చర్చి నుంచి నా చెయ్యి పట్టుకుని నడిచి వస్తూ పెద్దమ్మ, "గొంతు పెంచాల్సింది, వెనక వరసకు వినపళ్ళే" అని సణిగింది. విన్నవాళ్ళలో సగం మంది, పెద్దమ్మ తన పేరు పడిందని చెప్పిన నాటికి పుట్టనివాళ్ళు. కాలం వినేవాళ్ళను మార్చేస్తుంది గాని, చెప్పవలసినవాణ్ణి మాత్రం మార్చదు.