మంచు కింద చేపలు

మొన్న బెర్లిన్‌లోని జపనీస్ తోటలో మా అబ్బాయి గడ్డకట్టిన కొలను మీద కర్రతో కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "వరూమ్?" అన్నాడు వాడు, ఎందుకని.

వాడి వయసులో నేనూ ఇదే గట్టున నిలబడ్డాను. చెర్రీలు పూసినప్పుడూ, మేపుల్ ఆకులు ఎర్రబడినప్పుడూ అమ్మే నన్ను తీసుకొచ్చేది. ఆ చలికాలం మాత్రం నాన్న తీసుకొచ్చారు.

"చేపలు చచ్చిపోయాయా?" అని అడిగాను.

"లేదమ్మా, అడుగున పడుకున్నాయి. తిండి తినవు, కదలవు. మనం మంచు మీద కొట్టామనుకో, అదిరిపోయి చచ్చిపోతాయి. ఎండలొస్తే అవే పైకొస్తాయిలే."

ఇంట్లో అమ్మ కూడా అలాగే ఉండేది. పగలంతా దుప్పటి కింద గోడవైపు తిరిగి పడుకునేది. కంచంలో అన్నం ఎండిపోయేది. నాకు అంతా అర్థమైపోయింది. ఆ రోజు నుంచీ ఇంట్లో మునివేళ్ల మీదే నడిచాను. ఒకసారి బొమ్మ చేజారి పడితే భయంతో ఏడుపొచ్చింది. నాన్న కూడా ఆ గది తలుపు చప్పుడు కాకుండా వేసేవారు. అంతకు మించి ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియలేదు.

ఎండలొచ్చాయి. చేపలు పైకొచ్చాయి. అమ్మ లేచేసరికి మేపుల్ ఆకులు మళ్లీ ఎర్రబడ్డాయి.

చాలా ఏళ్ల తర్వాత, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ మామూలుగా అంది:

"అప్పుడు మీ అడుగుల చప్పుడు కోసం చెవులొగ్గి పడుకునేదాన్ని. ఒక్కరైనా వచ్చి తలుపు కొడతారేమోనని."