అతికించిన తీగ

గోప్యాది మహబూబాబాద్ అవతలి తండా. పని నేర్చింది మాత్రం జనగామలో, హైదరాబాదు రోడ్డు మీది ఆటో ఎలక్ట్రికల్ షాపులో. లారీల సెల్ఫులు, డైనమోలు విప్పీ విప్పీ, కాలిన వాసనను బట్టి రోగం చెప్పేదాకా వచ్చాడు. ఆ తర్వాత భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీది మట్టి ఎత్తే కాంట్రాక్టు కంపెనీలో చేరాడు.

అక్కడ పని తీరే వేరు. పాత పొక్లెయిన్‌లో లివరు గుంజితే నూనె పారేది, బకెట్ లేచేది. కొత్తవాటిలో లివరు చెప్పిన మాటను ఒక ఎలక్ట్రానిక్ డబ్బా వింటుంది, అది ఇంజను డబ్బాకు చెబుతుంది, అక్కడినుంచి పంపు డబ్బాకు పోతుంది. ఈ ముచ్చటంతా ఒకదానికొకటి మెలేసిన రెండు సన్నని తీగల మీదనే. అందులో ఒక్కటి తెగినా అంత పెద్ద మిషన్ మూగబోతుంది. ఇంజను బాగానే ఉంటుంది, పంపు బాగానే ఉంటుంది, ఒకదాని మాట ఒకదానికి అందదు. క్యాబిన్ తెర మీద ఏదో నంబరు వెలుగుతుంది. గోప్యా నంబరును నమ్మడు. బ్యాటరీ విప్పి, ఆ రెండు తీగల మధ్య మీటరు పెడతాడు. అరవై చూపితే దారి బాగున్నట్టు, నూట ఇరవై చూపితే ఎక్కడో తెగినట్టు. ఇక తీగ వెంబడి వేళ్లు జరుపుకుంటూ పోవడమే, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు.

చెల్లెలు రుక్కి మొగుడు ప్రకాశ్‌ను అదే సైటులో ఆపరేటరుగా పెట్టించింది గోప్యానే. ప్రకాశ్ నడిపే పొక్లెయిన్ విద్యాసాగర్‌ది. తొర్రూరు దిక్కు పెద్ద భూస్వాముల ఇంటివాడు. మిషన్లు కొని కంపెనీకి కిరాయికి తిప్పుతాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు బాయిలన్నీ ఆగిపోయాయి. దీక్షా శిబిరంలో విద్యాసాగర్ మెడలో గులాబీ కండువాతో ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రత్యేక రాష్ట్రం రావాలని మైకులో గొంతు చించుకున్నాడు. అదే వారంలో బయటినుంచి డ్రైవర్లను తెచ్చి తన మిషన్లను చాటుగా నడపబోయాడు. ప్రకాశ్ పోయి మట్టిలో అడ్డంగా పడుకున్నాడు. "దొరా, మైకుల ఒకటి, గనిల ఒకటా? సమ్మె అయ్యేదాక నా మిషన్ల ఎవడు కూసుంటడో చూస్త" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు విద్యాసాగర్ మరిచిపోలేదు.

సమ్మె ముగిసి పనులు మొదలైన రోజు ఆ పొక్లెయిన్ కదల్లేదు. వానల్లో నిలబడ్డ మిషన్ కదలకపోవడం వింత కాదు. కానీ విద్యాసాగర్ ప్రకాశ్‌ను ఠాణాలో కూర్చోబెట్టించాడు, వైర్లు కోశాడని.

గోప్యా విద్యాసాగర్ దగ్గరికి ఉరికాడు.

"సార్, ప్రకాశ్ కొయ్యలే. తెగితే ఎట్ల తెగిందో తీగను చూస్తెనే ఎర్కైతది. జర నన్ను చూడనియ్యుండ్రి."

"చూడు, ఎవరొద్దన్నరు? మాపటికి ఎస్సైని తోలుకొస్త. కోసింది కాదని చూపెట్టు, కేసు వాపసు తీసుకుంట" అన్నాడు విద్యాసాగర్.

సాక్షి ఒక్క తీగే. గోప్యా మిషన్ లోపల పంపు ఉండే అరలో దూరాడు. కొత్త ఆపరేటరు సురేందర్ పైన క్యాబిన్‌లో కూర్చున్నాడు. మీటరు నూట ఇరవై చూపింది. గోప్యా వేళ్లు తీగ వెంట పోయి పోయి, ఒక ఇనుప పట్టీ దగ్గర ఆగాయి. అక్కడ క్లిప్పు ఊడిపోయింది. మిషన్ అదురుకు తీగ ఆ పట్టీ అంచుకు రాసుకొని, రాసుకొని, పై తొడుగు అరిగి, రాగి సన్నబడి తెగింది. రెండు కొసలూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కోసిన తీగ అయితే కొస చదునుగా మెరిసేది. ఇది నెలల తరబడి నీళ్లు తాగిన తీగ.

దొరికిందన్న సంతోషంలో గోప్యా చేయి ఆగలేదు. ఏళ్లుగా ఆ చేయి చేసే పనే చేసింది. పటకారుతో పచ్చబడ్డ కొసలు కత్తిరించి బురదలో పడేసింది. లోపలి మంచి రాగి తేల్చి కలిపింది, మళ్లీ మెలేసింది, తొడుగు వేసింది, కొత్త క్లిప్పు బిగించింది. మీటరు అరవై.

"సురేందరూ, తాళం తిప్పు."

ఇంజను అందుకుంది. బకెట్ లేచింది. "అన్నా, దయ్యం దిగింది పో" అని పైనుంచి సురేందర్ నవ్వాడు. గోప్యా కూడా నవ్వాడు.

జీపు వచ్చింది. ఎస్సై దిగి, "ఏదయ్యా, తెగింది ఎక్కడ?" అన్నాడు.

గోప్యా తను వేసిన కొత్త తొడుగు వైపు చూశాడు.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని బురదంతా చేతులతో కలియబెట్టాడు. గోరంత రాగిముక్క ఒకటి దొరికింది. ఎస్సై దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ఒక కొస పచ్చగా ఉంది. ఇంకో కొస చదునుగా మెరుస్తోంది.

"ఇది పటకారుతో కోసిందే గద?"

"అది నేను కోసిన సార్, ఇప్పుడే. బాగుచేసేతందుకు."

"బామ్మర్ది కోసిండు, నువ్వు అతికిచ్చినవ్" అన్నాడు విద్యాసాగర్. "మీ తండోళ్లంతా ఒక్కటే."

ప్రకాశ్‌ను జైలుకు పంపారు. బెయిలు మీద వచ్చాక ఏ సైటూ అతన్ని గేటు దాటనివ్వలేదు. జనగామ మార్కెట్లో పత్తి బస్తాలు మోశాడు. రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు అందరితోపాటు తనూ రంగు చల్లుకున్నాడు. ఉద్యమం కేసులు ఎత్తేస్తారంటే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. "నీది ఉద్యమం కేసు కాదు, మిషన్ కేసు" అన్నారు. తొర్రూరులో విద్యాసాగర్‌కు ఉద్యమకారుడని శాలువా కప్పారు. ఎవరి పోరాటానికి ఎవరు శాలువాలు కప్పుకున్నారో ఆ జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలుసు.

పరకాల కోర్టులో గోప్యా సాక్ష్యం చెప్పాడు. అరిగిన తీగ గురించి, పచ్చ చిలుము గురించి అన్నీ చెప్పాడు. అవతలి వకీలు ఒకటే అడిగాడు: "పోలీసులొస్తరని తెలిసి కూడా ఎందుకు బాగుచేసినవ్?"

"ఖరాబైంది సార్, చేసిన."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రకాశ్‌కు ఆరు నెలల శిక్ష పడింది.

బయట వరండాలో రుక్కి మూట విప్పి ఇద్దరికీ రొట్టెలు పెట్టింది. గోప్యా ముట్టలేదు.

"తిను బావా. నేనైనా గదే చేద్దును" అన్నాడు ప్రకాశ్. "ఆగిపోయిన మిషన్ ముంగట చేతులు కట్టుకొని ఎవడు కూసుంటడు?"

రుక్కి ఇన్నేళ్లలో అన్నను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు రొట్టె తుంచి అతని చేతిలో పెడుతూ అన్నది:

"ఒక్క పూట కూసుంటే అయిపోతుండె గద, భియా."

కోపంగా అనలేదు. గోప్యా ఆ తుంపును నోట్లో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ వచ్చి ప్రకాశ్‌ను లెమ్మన్నాడు.